చేతికందే సొరుగు

కుళ్లాయమ్మ సంగతి నేను ఎవురికీ చెప్పలేదు.
ఆమె మాత్రల్ని పాత పేపర్లో చుట్టి
అడ్డం పొడుగూ దారం కట్టి ఇస్తాంటి.
ఆ ముడి ఎవురూ విప్పలేదు.
డాక్టరు చీటీ ఎవురూ చదవలేదు.
అయినా వారం తిరక్కముందే
హాస్టల్లో వంటపని పోయిందామెకు.
"ఫిట్సొచ్చే మనిషిని పొయ్యికాడ పెట్టుకుంటామా"
అన్యాడంట కాంట్రాక్టరు సుంకన్న.

అనంతపురంలో, టవర్ క్లాక్ దాటి
పాతూరు దిక్కు పోయే సందులో మా మందులంగడి.
అటక నిండా డబ్బీలు.
నిచ్చెనేసి, ఎక్కి, వెతికి, దుమ్ము తుడిచి దిగేలోపల
గిరాకీ రెండు ఆవలింతలు తీస్తాడు.
అందుకే బల్ల కింద ఒక సొరుగు.
దాంట్లో ఎనిమిదే గదులు.
ఇప్పుడు అడిగిన మందే మళ్లీ అడుగుతారని
దించింది దించినట్టు అందులో వేసుకుంటా.
కొత్తది వస్తే
ఎవురూ అడగని పాతది అటకెక్కాల.
ఈ తెలివి నాకు ఏ సేటూ నేర్పలేదు,
మోకాళ్లు నేర్పినాయి.

సుంకన్న అంగడి మూసే యాళకు వస్తాండె.
గ్యాస్ మాత్ర చూపీ, దగ్గుమందు రేటెంత,
ఆ కంటిచుక్కలు తియ్యీ, ఈ పూతమందు పాతదా కొత్తదా,
ఎనిమిది రకాలు దించిస్తాండె.
కొనేది ఒక తలనొప్పి బిళ్ల.
ఏం పిసినారోడప్పా అని నవ్వుకుంటి.
నా సొరుగులో వాని సరుకు పరిచి పోతాండాడని తెలీల.

తెల్లారి కుళ్లాయమ్మ వచ్చి పోతాది.
ఆమె మెట్టు దిగి మలుపు తిరగ్గానే వీడు.
"మా బామ్మర్దికి ఫిట్స్ మాత్ర కావాల, ఉందా?"
వాని చూపు నా మీద లేదు,
గోడ గడియారం మీద.
వంగినా, లాగినా, పెట్టినా.
మూడు టిక్కులు.
"రేపు తీసుకుంటాలే" అని పోయినాడు.

ఆమె రాని బుధవారం కూడా అదే మాత్ర అడిగింటాడు.
ఆ పొద్దు నిచ్చెనెక్కినా.
నలభై ఆరు టిక్కులు.
ఆ రెండు లెక్కల నడుమ ఆమె దొరికిపాయె.

నోరు కట్టుకుంటి. చెయ్యి వాగింది.

పాలిటెక్నిక్ చదివే షమీమ్
వాళ్ల నాయనకు ఇన్సులిన్ కోసరం వచ్చి
ఇదంతా విని నవ్వలేదు.
"కంప్యూటర్ మెదడులో కూడా నీమాదిరోడే ఉంటాడన్నా.
దూరంగా పెద్ద అటక, పక్కనే చిన్న సొరుగు.
సొరుగును క్యాష్ అంటారు."
గల్లాపెట్టె అనుకుంటి.
"డబ్బు కాదన్నా, దాపుడు" అనె.
"రహస్యానికి ఎన్ని తాళాలేసినా
తాళం జోలికే పోకుండా ఎత్తుకపోతారు.
అదే మిషన్లో పక్కన కూచున్న ఇంకో ప్రోగ్రాము
సొరుగు నింపుతాది, కాచుకుంటాది, మళ్లీ అడుగుతాది.
ఏది బిరీన వచ్చె, ఏది తడువాయె, అంతే చూస్తాది.
సెకన్ను కోట్ల ముక్కలు చేసి లెక్కబెట్టే చెవులు వాటివి."

మరి ఆ మెదడుది తప్పేముంది పాపా అంటి.
"ఏం లేదన్నా. పనిమంతుడు, నీమాదిరే."
ఆ మాట మందు లేని సూదిమాదిరి దిగింది.

కుళ్లాయమ్మ ఇప్పుడు మాత్రలకు
ధర్మవరం బస్సెక్కుతాందంట.

అప్పట్నుంచి ఏ మందు అడిగినా నిచ్చెనెక్కుతా.
సొరుగులో ఉండేదానికీ.
పైన ఉత్తచేతుల్తో నిలబడి
నలభై ఆరు లెక్కబెట్టి దిగుతా,
చొక్కాకు కొంచెం దుమ్ము కూడా పూసుకుంటా.
ఓబులేసుకు వయసైపాయె అంటారు.
సేటు గొణుగుతాడు, గిరాకీ ఎదురంగడికి పోతాంది.
పోనీ.

మొన్న, షట్టరు సగం దించినాక
ఒకామె పరిగెత్తుకుంటా వచ్చె.
భుజం మీద బిడ్డ, ఒళ్లు పెనం.
జ్వరం మందు సొరుగులోనే ఉంది, రెండో గది.
ఎక్కినా.
ఒకటి, రెండు, మూడు...
బిడ్డ ఏడ్పు సన్నగిల్లుతాంది.
పన్నెండు కాడ దూకేసినా.

మోకాలు ఇంకా నొస్తాంది.